మట్టిదోవకూ తారురోడ్డుకూ ఒకటే బండి: 11 రోజుల సవారీలో తెలిసింది

గ్రూపులో కొత్త బండి ఫొటో పెట్టిన రోజు నుంచి ఒకటే ప్రశ్న. "అన్నా, తోటకు పనికొస్తుందా? గూళ్లు మోస్తుందా? లేక షోకుకా?" ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే బదులు ఈ వారం ఇక్కడే రాస్తున్నా. తిరిగింది 400 కిలోమీటర్లు దాటింది, మొదటి సర్వీసు ఇంకా కాలేదు. కాబట్టి ఇంజన్ గట్టిదా కాదా అని ఇప్పుడే అడగొద్దు.

బండి హీరో ఎక్స్‌పల్స్ 200 4వి. ఇట్లాంటివాటిని డ్యూయల్ స్పోర్ట్ అంటారు. నంబరు ప్లేటుతో తారురోడ్డు మీద పోవచ్చు, దోవ లేని చోట దిగి తోటలోకీ పోవచ్చు. మాది చింతామణి పక్క పల్లె. ఇంటి నుంచి తోటకు రెండు కిలోమీటర్లు. అందులో తారు అర కిలోమీటరు కూడా లేదు. మిగతాదంతా చెరువు కట్ట, నీలగిరి తోపు, గుండ్రాళ్లు నిండిన వంక. శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్టుకు పోవాలంటే మాత్రం మంచి రోడ్డే. ఈ రెండింటికీ ఇన్నాళ్లూ స్ప్లెండర్, టీవీఎస్ ఎక్స్‌ఎల్ వాడినా.

మొదటి రోజే తేడా తెలిసింది వంకలో. స్ప్లెండర్ మీద ఆ వంక దాటితే నడుము పట్టేసేది. దీని ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18. మన తాతల ఎద్దుల బండి చక్రం ఎందుకంత పెద్దదో గుర్తు చేసుకోండి. చిన్న చక్రం రాయికి అడ్డంగా కొట్టుకుంటుంది, పెద్దది దాని మీదికి ఎక్కి దిగుతుంది. దానికి తోడు ముందు షాకులు 190 మిల్లీమీటర్లు, వెనక 170 మిల్లీమీటర్లు లోపలికి దిగుతాయి. నేలకూ బండి కడుపుకూ మధ్య 220 మిల్లీమీటర్ల ఎడం ఉంది. స్ప్లెండర్‌కు అది 165. గట్టు దాటేటప్పుడు కింద రాయి గీసిన చప్పుడు ఇంతవరకు వినలేదు.

ఇంకొకటి, నిలబడి నడపడం. మా పిల్లలు చూసి సర్కస్ అన్నారు. ఊరికే చేసేది కాదు అది. సీటు మీద కూర్చుంటే మన బరువంతా పైన ఉంటుంది, ప్రతి గుంతా వెన్నుపూసకు తగులుతుంది. ఫుట్‌రెస్టుల మీద లేచి మోకాళ్లు కొంచెం వంచితే బరువు కిందికి దిగుతుంది, బండి కింద ఎగిరినా మనిషి నిలకడగా ఉంటాడు. నాకు రెండు రోజులు పిక్కలు పట్టేసినాయి, మూడో రోజుకు అలవాటైంది.

ఆ మూడో రోజే పడినా.

అబద్ధం ఎందుకు, తప్పు నాదే. దీని సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు, స్ప్లెండర్‌ది 785. నా ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. చదునుగా ఉన్న చోట మునివేళ్లు ఆనుతాయి. చెరువు కట్ట మీద ఎదురుగా ఎద్దులు వస్తే పల్లం వైపు కాలు దించినా. కాలికి నేల అందలేదు. ఇంత బరువైన బండి ఒరిగిందంటే ఆపలేం, నేనూ దానితోనే పోయినా. మోచేయి గీరుకుంది, అంతే. కానీ ఆ రోజు షెడ్డులో పురుగు నాలుగో జ్వరం లేచి రెండో రోజు. మొత్తం పంటలో తినే ఆకులో నూటికి 80 పాళ్లకు పైగా ఆ ఆఖరి దశలోనే తింటుంది. కాలు విరిగి ఉంటే కొమ్మలు కోసేదెవరు, మేత వేసేదెవరు? మా ఆవిడ తిట్టింది బండిని కాదు, నన్ను. పొట్టివాళ్లు ఆగాల్సి వస్తే ఎప్పుడూ మిట్ట వైపే కాలు దించండి. మిట్ట కనబడేదాకా ముందుకు పోండి, పల్లంలో ఆగొద్దు.

బ్రేకు సంగతి కూడా చెప్పాలి. ఏబీఎస్ ముందు చక్రానికే ఉంది. తారు మీద అది దేవుడు. చక్రం బిగుసుకుపోకుండా పట్టి వదులుతూ ఉంటుంది. వదులు గులకరాళ్ల దిగుడులో మాత్రం అదే పట్టి వదలడం వల్ల బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. అందుకే నా బండిలో రోడ్, ఆఫ్‌రోడ్, ర్యాలీ అని మూడు మోడ్లు ఇచ్చినారు. మట్టిదోవకు ఆఫ్‌రోడ్ చాలు. ర్యాలీలో ఏబీఎస్ పనిచేయదు, కొత్తవాళ్లు దాని జోలికి పోవద్దు.

ఇక అందరూ అడిగిన మాట, గూళ్లు. నేను మోయను. దీని సైలెన్సరు కుడి పక్క పైకి లేచి ఉంటుంది. నీళ్లలో దిగినప్పుడు అది మంచిదే కానీ, ఆ పక్క సంచి వేలాడదీస్తే వేడి నేరుగా తగులుతుంది. బైవోల్టిన్ గూటి బరువులో పట్టు పొర నూటికి 20-22 చుట్టూ ఉంటుంది, మిగతాదంతా లోపలి ప్యూపా. వేడికో కుదుపుకో అది చితికితే లోపల మరక పడుతుంది, వేలంలో రేటు పడిపోతుంది. ఎడమ పక్కనే కట్టొచ్చు కదా అంటారేమో. ఒక పక్కే బరువైతే, పైగా ఇంత ఎత్తున, ఒరిగినప్పుడు ఏమవుతుందో కట్ట మీద చూసినా. సంచిలో వదులుగా నింపి చల్లపొద్దున ఆటోలో పంపడమే మేలు. ఆకు మోపులకు ఎక్స్‌ఎల్ ఉండనే ఉంది, దాని ముందు జాగాకు ఏ బండీ సాటిరాదు.

చాకీ పురుగులు? అవి తేలిక. రెండో జ్వరంలో ఉన్న ట్రేలు సాయంత్రం చల్లబడినాక వెనక ఒకరు పట్టుకుని కూర్చుంటే తేవచ్చు. ఒకసారి తెచ్చినా, కుదుపు తక్కువే అనిపించింది.

ఒక జాగ్రత్త మాత్రం మరవొద్దు. ఎక్కడికైనా పోగలిగే బండి ఎక్కడి రోగాన్నైనా తెస్తుంది. నలుగురి తోటలు, షెడ్లు తిరిగిన మట్టి ఈ ముళ్ల టైర్లలో ఇరుక్కుని ఉంటుంది. మన షెడ్డుకు ఎడంగానే నిలపండి, చెప్పులు మార్చి, కాళ్లూ చేతులూ కడుక్కుని లోపలికి పోండి. షెడ్డుకు వాడే బ్లీచింగ్, సున్నం నీళ్లు బండి మీద చల్లొద్దు. పుల్లలు, చైను తుప్పు పడతాయి. టైర్లకు ఉత్త నీళ్లు, బ్రష్షు చాలు.

పంక్చరు గురించి కూడా అడిగినారు. పుల్లల చక్రాలు కాబట్టి లోపల ట్యూబు ఉంటుంది. మా ఊరి పంక్చరు అంగడిలో 21 అంగుళాల ట్యూబు లేదు, చింతామణిలో కొని సీటు వెనక కట్టుకున్నా. మీరూ కొంటే బండితో పాటే ఒకటి కొనండి.

మైలేజీ లెక్క సర్వీసు అయినాక పెడతా. ఈ పంట గూళ్లు విడిపించేది వచ్చే బుధవారం. మార్కెట్టుకు ఆటో మాట్లాడినా, నేను మాత్రం దాని వెనకాలే ఈ బండి మీద వస్తా. శిడ్లఘట్టలో ఉండేవాళ్లు ఒకసారి ఎక్కి చూడండి, కాలు అందుతుందో లేదో అక్కడే తేలిపోతుంది.