మాచర్ల దాటితే పట్టాల్లేవు!

నడికుడి నుంచి వచ్చే రైలు మాచర్లలో ఆగాల్సిందే. ఆ తర్వాత పట్టాలు లేవు. సి లాంగ్వేజ్‌కి మాత్రం ఆఖరి స్టేషన్ తెలీదు. 20 గళ్ల అరేలో 21వది అడిగితే ‘లేదు’ అనదు. పక్క మెమరీలో ఏముంటే అది చదివేస్తుంది, లేదా ప్రోగ్రామ్ క్రాష్ అవుతుంది.

2024 జులై 19న శంషాబాద్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసు ఫొటో వైరలైంది, గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఓ చిన్న అప్‌డేట్ ఫైలే కారణం. దాన్ని చదివే కోడ్ దగ్గరున్నవి 20 విలువలు. ఫైలేమో 21వది చూడమంది. చూడబోయి హద్దు దాటింది. దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. 78 నిమిషాల్లోనే ఫైలు వెనక్కి తీసుకున్నారు, కానీ అప్పటికే ఆలస్యమైంది.

నరసరావుపేటలో కూర్చుని మీరు రాసే ఫొటో పార్సర్‌కీ ఇదే గండం. డౌన్‌లోడ్ సగంలో ఆగిన ఫైలు వచ్చిందనుకోండి. ‘ఇంకా 1000 బైట్లున్నాయి’ అంటుంది హెడర్. నిజానికి మిగిలినవి 40. హెడర్ మాట నమ్మారో, అయిపోయారు!

చెక్ పెడతారు సరే, ‘పొజిషన్ + పొడవు, సైజుని దాటిందా?’ అని రాస్తారు చాలామంది. పొడవు మరీ పెద్దదైతే ఆ కూడిక సున్నా దగ్గరికి తిరిగొచ్చి చిన్న అంకె అయిపోతుంది. చెక్ దర్జాగా పాసైపోతుంది! కూడొద్దు, తీసేయండి. సైజులోంచి పొజిషన్ తీసేస్తే మిగిలేదానికన్నా పొడవు ఎక్కువైతే అక్కడే ఎర్రర్ ఇచ్చి బయటికొచ్చేయాలి. పొజిషన్ సైజుని దాటకుండానూ చూసుకోవాలి, లేకపోతే ఈ తీసివేతా మోసం చేస్తుంది.

ఇవాళే అడ్రస్ శానిటైజర్ ఆన్ చేసి కంపైల్ చేయండి. మంచి ఫొటో ఒకదాన్ని సగానికి కోసి మీ పార్సర్‌కి ఇచ్చి చూడండి.