పరీక్షకు డబ్బు కట్టే ముందు అడగండి



"సిస్టరమ్మా, కార్డు ఉంది కదా, గళ్ళ పరీక్షకు మళ్ళీ డబ్బెందుకు?" అని ఒక తల్లి అడిగింది. ఆ డబ్బు లేకే కొడుకు దగ్గును నెల రోజులు అలాగే వదిలేసిందట.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మన అనంతపురంతో పాటు మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ. ఇందులో ఒక్కో చికిత్సకు ఒక కోడ్, ఆ కోడ్‌కు ఒక నిర్ణీత మొత్తం ఉంటాయి. ఆ చికిత్సకు కావలసిన రక్తపరీక్షలు, స్కానింగ్, మందులు, భోజనం అన్నీ అందులోనివే. వాటికి విడిగా వసూలు చేయకూడదు. జాబితాలో లేని జబ్బుకు చేసే పరీక్షకు కోడ్ ఉండదు, పథకం డబ్బూ రాదు.

కొన్ని పరీక్షలు ఒకే కంపెనీవి. క్షయకు చేసే జీన్‌ఎక్స్‌పర్ట్ అలాంటిదే. అమెరికాలోని సెఫీడ్ కంపెనీ మిషన్‌లో ఆ కంపెనీ కార్ట్రిడ్జే పెట్టాలి. ఒకరికి వాడినది మరొకరికి పనికిరాదు. అందుకే ఖరీదు. అయితే జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో క్షయ పరీక్ష, మందులు ఉచితం. దానికి ఆరోగ్యశ్రీ కార్డు అక్కరలేదు.

డబ్బు కట్టే ముందు అడగవలసినవి:
1. ఈ పరీక్ష నా చికిత్స కోడ్‌లో ఉందా?
2. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేస్తారా?
3. ఖరీదు ఎంత? అసలు బిల్లు ఇస్తారా?

ఇన్సూరెన్స్ ఉన్నవారు డాక్టరు చీటీ, బిల్లు, రిపోర్టు మూడూ కలిపి దాచుకోండి.

రెండు వారాలు దాటిన దగ్గును మాత్రం డబ్బు కోసం ఆపకండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్