ఫోర్డో వేరు, బుషెహర్ వేరు, బాంబు వేరు

ఇరాన్‌లో బాంబు పడిందంటే చాలు, జగిత్యాల నుంచి రాయచోటి దాకా గల్ఫ్ కుటుంబాల ఫోన్లలో ఒక వాయిస్ మెసేజ్ తిరగడం మొదలవుతుంది. అణు కేంద్రం పేలింది, విషగాలి కువైట్ వైపు మళ్లింది, మనవాళ్లు వెంటనే బయల్దేరాలి. కింద పుట్టగొడుగు ఆకారంలో పొగ బొమ్మ. అది ఏ ఏటిదో, ఏ దేశానిదో అడిగేవాడుండడు. ఇక్కడ ఇల్లాలికి నిద్ర ఉండదు, అక్కడ ఆయన డ్యూటీ ఎగ్గొట్టి టికెట్ వెతుక్కుంటాడు. జీతం కోత పడితే మెసేజ్ పంపినవాడు పూడుస్తాడా?

2025 జూన్ 22న అమెరికా ఫోర్డో, నతాంజ్, ఇస్ఫహాన్‌లపై దాడి చేసింది. ఆ కేంద్రాల బయట రేడియేషన్ పెరగలేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ) ప్రకటించింది. ‘దాచిపెడుతున్నారు’ అన్నారు మన వాట్సాప్ శాస్త్రవేత్తలు. దాచడానికేముంది? ఫోర్డో, నతాంజ్ శుద్ధి కేంద్రాలు. అక్కడ అణువిచ్ఛిత్తి జరగదు. యురేనియం హెక్సాఫ్లోరైడ్ వాయువును సెంట్రిఫ్యూజ్ గొట్టాల్లో విపరీతమైన వేగంతో తిప్పి, తేలికైన యురేనియం-235ను బరువైన 238 నుంచి విడదీస్తారు, అంతే. గొట్టం పగిలితే ఆ వాయువు తేమ తగిలి హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను పుట్టిస్తుంది. పీల్చినవాడి ఊపిరితిత్తులు కాలిపోతాయి. అయితే ఆ ప్రమాదం ఆ ప్రాంగణంలోనూ చుట్టుపక్కలా ఉన్నవాళ్లకు. 600 కిలోమీటర్ల అవతల కువైట్‌లో క్రేన్ నడిపేవాడికి కాదు.

హిరోషిమాలా పేలదా? పేలదు. అణుబాంబు పేలాలంటే బాగా శుద్ధి చేసిన లోహాన్ని లెక్క తప్పని అమరికలో, రెప్పపాటులో ఒక్కచోటికి చేర్చాలి. పైనుంచి పడిన బాంబు ఉన్నదాన్ని చెదరగొడుతుంది, కూడగట్టదు.

బుషెహర్ సంగతి వేరు. అది నడిచే విద్యుత్ రియాక్టర్. దాని కడుపులో రేడియోధార్మిక అయోడిన్-131, సీసియం-137 ఉంటాయి. అది టెహ్రాన్ కన్నా కువైట్‌కే దగ్గర. పైగా గల్ఫ్ నగరాలు తాగేది ఎక్కువగా ఉప్పు తీసిన సముద్రపు నీరే, రియాక్టర్ లీకైతే దానికీ ముప్పే. 2025 జూన్ 19న బుషెహర్‌ను కొట్టామని ఇజ్రాయెల్ సైనిక ప్రతినిధి ఒకరు అనడం, తర్వాత అది పొరపాటు మాటని సర్దుకోవడం జరిగాయి. ఆ కాసేపు భయపడినవాళ్లను చూసి నవ్వలేం. కాబట్టి మెసేజ్ వస్తే ముందు ఏ కేంద్రమో అడగండి. నిజంగా బుషెహరే అయితే తలుపులు, కిటికీలు మూసుకుని ఇంట్లో ఉండి, ఆ దేశపు సివిల్ డిఫెన్స్ చెప్పినట్టు చేయాలి. ఎయిర్‌పోర్టుకు పరుగెత్తడం కాదు. పొటాషియం అయోడైడ్ మాత్రలు అధికారులు వేసుకోమన్నప్పుడే వేసుకోవాలి. అవి కాపాడేది థైరాయిడ్‌ను, అదీ రేడియోధార్మిక అయోడిన్ నుంచి మాత్రమే. శుద్ధి కేంద్రం నుంచి ఆ అయోడిన్ రానే రాదు. అయోడిన్ ఉప్పు తిన్నా సరిపోతుందట! ఆ మోతాదుకు ఉప్పు కిలోలకొద్దీ తినాలి. 2011లో ఫుకుషిమా తర్వాత చైనాలో జనం ఎగబడి దుకాణాల్లో ఉప్పు ఖాళీ చేసింది ఈ నమ్మకంతోనే.

శుద్ధి, రియాక్టర్, బాంబు ఈ మూడింటినీ కలగలిపేయడం హక్కుల చర్చలోనూ ఉంది. ఇరాన్‌కు అణుశక్తి హక్కే లేదని ఒకరు, ఏం చేసుకున్నా దాని ఇష్టమని ఇంకొకరు. ఇద్దరూ అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం (ఎన్‌పీటీ) తెరిచి చూసినట్టు లేదు. 1970లో అమల్లోకి వచ్చిన ఆ ఒప్పందం నాలుగో అధికరణం శాంతియుత అణుశక్తిని ఎవరూ తీసేయలేని హక్కుగా ఒప్పుకుంది, బాంబు జోలికి పోకూడదన్న షరతుతో. మూడో అధికరణం తనిఖీలకు తలుపు తెరవమంది. శుద్ధి గురించి విడిగా అవుననీ కాదనీ అనలేదు. తగాదా అంతా అక్కడే.

కరెంటు కావాలంటే శుద్ధి తప్పదన్న వాదనా నిలవదు. బుషెహర్‌కు ఇంధనం రష్యా నుంచి వస్తుంది. అబుధాబిలోని బరాకాలో నాలుగు రియాక్టర్లు నడుపుతున్న యూఏఈ, శుద్ధి చేయబోనని 2009లోనే అమెరికాకు రాసిచ్చింది. మన హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ (ఎన్‌ఎఫ్‌సీ) భారజల రియాక్టర్లకు ఇచ్చే ఇంధనంలో ఎక్కువభాగం శుద్ధి చేయని సహజ యురేనియమే. ఇక ఇండియా ఎన్‌పీటీని ఉల్లంఘించిందనేవాళ్లకు ఒకటే మాట: మనం సంతకమే పెట్టలేదు.

ఒక్క అపోహ దగ్గర మాత్రం ఇష్టం లేకపోయినా సగం తగ్గాలి. శుద్ధి చేయగలిగినవాడు బాంబు చేసేసినట్టేనంటారు. చేసేసినట్టు కాదు. వాయువును లోహంగా మార్చాలి, పేల్చే యంత్రాంగం కావాలి, మోసుకెళ్లే క్షిపణి కావాలి. కానీ ఇరాన్ శుద్ధి చేసింది 60 శాతమేగా, బాంబుకు కావలసిన 90కి ఇంకా చాలా దూరమనే ఓదార్పు అంతకన్నా తప్పు. లెక్క చూడండి. సహజ యురేనియంలో 1000 పరమాణువులకు పనికొచ్చేవి (యురేనియం-235) 7. రియాక్టర్‌కు కావలసిన 4 శాతానికి రావాలంటే పనికిరాని 825ను తీసేయాలి. 20 శాతానికి మరో 140. అక్కడి నుంచి 60కి 23. ఆపై 90 శాతానికి ఇంకో నాలుగు తీస్తే చాలు! అసలు శ్రమ మొదట్లోనే అయిపోతుంది. అమెరికా తదితర దేశాలతో కుదిరిన 2015 అణు ఒప్పందం ఇరాన్‌ను 3.67 శాతం దగ్గర కట్టేసింది అందుకే. 2018లో అమెరికా దాన్నుంచి తప్పుకుంది, 2021లో ఇరాన్ 60 దాకా వెళ్లింది. ఎవరి తప్పు ఎంతో టీవీ చర్చల్లో ఇప్పటికీ తేలలేదు.

అందుకని ఇరాన్ శుద్ధి వార్త చదివేటప్పుడు శాతం దగ్గరే ఆగకండి, ఎన్ని కిలోలో చూడండి. 60 శాతం సరుకు 42 కిలోలుంటే, మరింత శుద్ధి చేసి ఒక బాంబుకు సరిపెట్టవచ్చని ఐఏఈఏ కొలమానం. 2025 జూన్ నాటికి ఇరాన్ దగ్గర 400 కిలోలకు పైగా ఉంది. తనిఖీదారులు లోపలున్నారో లేదో కూడా చూడండి. ఆ జూలైలో వాళ్లు దేశం విడిచి వెళ్లారు. తర్వాత నెలల తరబడి ఆ నిల్వ ఎక్కడుందో ఐఏఈఏ కళ్లారా చూసి చెప్పలేకపోయింది.