పాఠశాలతో మొదలైన పొత్తు

స్పెయిన్ దేశపు బాస్క్ ప్రాంతంలో మోండ్రాగాన్ ఒక చిన్న పట్టణం. అంతర్యుద్ధం మిగిల్చిన పేదరికం నడుమ 1943లో హోసె మరియా అరిస్మెందియారియెతా అనే క్రైస్తవ మతగురువు అక్కడ ఒక వృత్తివిద్యా పాఠశాలను స్థాపించారు. ఆయన శిష్యులైన ఐదుగురు యువకులు 1956లో ఉల్గోర్ అనే సహకార కర్మాగారాన్ని నెలకొల్పారు. 1959లో సహకార బ్యాంకు వెలిసింది. ప్రజల పొదుపు బ్యాంకుకు చేరేది. బ్యాంకు కర్మాగారాలకు పెట్టుబడినిచ్చేది. వాటి లాభంలో కొంతభాగం విద్యకు వెళ్లేది. పాఠశాల కర్మాగారాలకు నిపుణులను అందించేది. ఈ విధంగా ఒక సంస్థ మరో సంస్థకు ఊతమైంది. 1997లో అక్కడ విశ్వవిద్యాలయమే ఏర్పడింది.

అసలు పరీక్ష 2013లో ఎదురైంది. ఉల్గోర్ నుంచి ఎదిగిన ఫాగోర్ గృహోపకరణాల సంస్థ దివాలా తీసింది. అంతవరకు సాయపడిన తోటి సంస్థలు ఇక ధనమివ్వలేమన్నాయి. అయినా సభ్యులైన కార్మికులలో అనేకులకు తమ వద్ద పని కల్పించాయి. విదేశీ శాఖల కార్మికులకు మాత్రం ఆ రక్షణ దక్కలేదు.

కనుక విద్యలోనైనా, వ్యాపారంలోనైనా పొత్తు కలిసే ముందే రెండు ప్రశ్నలు తేల్చుకోవాలి: ఒకరు పడిపోతే మిగిలినవారు ఎంతవరకు మోయాలి? ఆ ఆసరా ఎవరెవరికి వర్తిస్తుంది? లాభాల వేళ ఈ ప్రశ్నలు ఎవరికీ గుర్తుకు రావు. నష్టం వచ్చాక వాటికి జవాబు వెదకడం మరీ కష్టం.