మన పితరుల పేర్లు ఎక్కడ వ్రాయబడి ఉన్నాయి?



ప్రియులారా, గత మాసం ప్రకాశం జిల్లా నుండి ఒక సహోదరుడు మాకు ఉత్తరం వ్రాశారు. వారి ముత్తాతగారు గుండ్లకమ్మ నదిలో క్లౌ దొరగారి చేత బాప్తిస్మం పొందారని ఇంట్లో చెప్పుకుంటారట. ఆ మాట నిజమో కాదో తెలుసుకోవాలని ఆయన ఆశ. కానీ అన్నగారు అడ్డు చెబుతున్నారట. "పాత సంగతులు ఎందుకు తవ్వుతావు? పిల్లలకు సంబంధాలు చూసే రోజుల్లో, మనం ఏ పేట నుండి వచ్చామో, ఏ పని చేసి బ్రతికామో నలుగురికీ తెలియాలా? వంశావళుల జోలికి పోవద్దని పౌలు భక్తుడే అన్నాడు గదా" అన్నారట. "అయ్యగారూ, నేను వెదకవచ్చునా? వెదికితే ఎలా వెదకాలి?" అని ఆ సహోదరుని ప్రశ్న.

ఈ ప్రశ్న చాలా కుటుంబాలలో ఉంది. కనుక ఈ వారం దానినే ధ్యానిద్దాం.

పౌలు తిమోతికీ, తీతుకూ వ్రాస్తూ అంతులేని వంశావళులను గూర్చి హెచ్చరించిన మాట నిజమే. అవి సంఘంలో వాదాలు పెంచాయి గానీ విశ్వాసాన్ని కట్టలేదు. అయితే అదే పౌలు తాను బెన్యామీను గోత్రపువాడనని ఎరిగినవాడు. తన మూలం తెలుసుకోవడం తప్పని ఆయన అనలేదు. దానిని చూసుకొని అతిశయపడటం తప్పన్నాడు. దానిని దాచుకోవడం కూడా ఒక విధంగా అతిశయమే. లేని గొప్పను కాపాడుకోవడానికే గదా మనం ఉన్నది దాచేది?

ఇప్పుడు ఎలా వెదకాలో చూద్దాం.

మొదట ఇంట్లో ప్రారంభించండి. మీ ఇంట్లో అందరికంటే పెద్దవారి దగ్గర కూర్చోండి. ఇంటిపేరు, స్వగ్రామం, ముత్తాతగారి తోబుట్టువుల పేర్లు, ఆడపడుచులను ఏ ఊళ్ళకు ఇచ్చారో అడిగి వ్రాసుకోండి. పాత బైబిలు మొదటి పేజీలలో పుట్టిన తేదీలు ఉంటాయి. సమాధి రాళ్ళు చదవండి. ఈ పని రేపటికి వాయిదా వేయకండి. రిజిస్టరు రేపు కూడా బీరువాలో ఉండవచ్చు, అవ్వ ఉండకపోవచ్చు.

రెండవది, సంఘ రిజిస్టర్లు. బాప్తిస్మాలు, వివాహాలు, భూస్థాపనల పుస్తకాలు అడగండి. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం వివాహాలు నమోదు చేయవలసి ఉంది గనుక ఆ పుస్తకాలు విలువైనవి. ఇక్కడ ఒక సంగతి మరువకండి. బాప్తిస్మంలో చాలామంది పేర్లు మారాయి. ఇంట్లో పోలయ్య అని పిలిచే మనిషి రిజిస్టరులో ఏలీయా కావచ్చు. కాబట్టి పేరుతో పాటు తండ్రి పేరు, ఊరు కూడా సరిచూడండి.

మూడవది, మిషను పత్రికలు, నివేదికలు. మీ ఊరు ఏ మిషను సేవలో ఉండేదో ముందు తెలుసుకోండి. నెల్లూరు, ఒంగోలు వైపు అమెరికన్ బాప్తిస్టులు, మచిలీపట్నంలో 1841 నుండి సి.ఎం.ఎస్. వారు, గుంటూరులో 1842 నుండి లూథరన్లు, కాకినాడలో 1874 నుండి కెనడా బాప్తిస్టులు పనిచేశారు. మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు. అమెరికన్ బాప్తిస్టుల పాత కాగితాలు అట్లాంటాలోను, సి.ఎం.ఎస్. వారివి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలోను, కెనడా బాప్తిస్టులవి హామిల్టన్‌లోను భద్రపరచబడి ఉన్నాయి. బెంగళూరులోని యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో కూడా దక్షిణ భారత సంఘ చరిత్రకు సంబంధించిన కాగితాలున్నాయి. అమెరికాలో అచ్చయిన బాప్టిస్ట్ మిషనరీ మ్యాగజైన్ పాత సంచికలు ఎన్నో నేడు ఇంటర్నెట్‌లోనే చదవవచ్చు.

వెదికేటప్పుడు ఊరి పేరును ఆనాటి దొరలు వ్రాసినట్లు వ్రాయాలి. విజయవాడ వారికి బెజవాడ, కాకినాడ కోకనాడ, మచిలీపట్నం మసులిపటం. జిల్లాలు కూడా మారాయి. ఒంగోలు 1904 వరకు నెల్లూరు జిల్లాలో ఉంది, తరువాత గుంటూరు జిల్లాలో ఉంది, 1970లో కొత్త జిల్లా ఏర్పడింది. 1880 నాటి కాగితం కోసం ప్రకాశం జిల్లా అని వెదికితే ఏమీ దొరకదు.

నాల్గవది, ప్రభుత్వ రికార్డులు, వార్తాపత్రికలు. కోస్తా జిల్లాలలో రీ-సర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు, తెలంగాణలో సేత్వారు, 1954–55 ఖాస్రా పహాణీ చూస్తే ఎవరికి ఎంత భూమి ఉండేదో తెలుస్తుంది. మద్రాసు ప్రభుత్వ కాగితాలు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లోను, నిజాం ప్రభుత్వ కాగితాలు హైదరాబాదు తార్నాకలోని ఆర్కైవ్స్‌లోను ఉన్నాయి. మీ తాతగారు ఉపాధ్యాయులో, ప్రభుత్వోద్యోగో అయితే ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిట్‌లో పేరు కనబడవచ్చు. స్వాతంత్ర్య ఉద్యమంలో ఉన్నవారైతే 1902లో మొదలైన కృష్ణాపత్రిక, 1908లో మొదలైన ఆంధ్రపత్రిక పాత సంచికలు తిరగవేయండి.

మన వారు కొందరు సముద్రం దాటి వెళ్ళారు. 1860 నుండి 1911 వరకు ఒప్పంద కూలీలుగా నాటాల్‌కు, అనగా నేటి దక్షిణాఫ్రికాకు, లక్షా యాభై వేల మందికి పైగా వెళ్ళారు. మద్రాసు రేవు నుండి వెళ్ళిన వారిలో తెలుగువారు చాలామంది. ఓడ జాబితాలో ప్రతి మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, గ్రామం, ఒంటి మీది పుట్టుమచ్చలు కూడా వ్రాశారు. వారిని పరామర్శించడానికి మన తెలుగు బాప్తిస్టు సంఘాలు 1903లో జాన్ రంగయ్యగారిని పంపాయి. మీ వంశంలో "ఎటో వెళ్ళిపోయాడు" అని చెప్పుకునే తాత ఉంటే, ఆ జాబితాలలో ఒకసారి వెదకండి.

ఇక ఆ సహోదరుని ముత్తాతగారి సంగతి. 1876–78 కరువులో ఒంగోలు ప్రాంతం అల్లాడిపోయింది. క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చారు. గంజి కోసం క్రైస్తవులయ్యారనే మాట రాకూడదని ఆ కాలంలో బాప్తిస్మాలు ఆపివేశారు. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అయితే ఆ రోజు నీటిలో నిలబడి బాప్తిస్మాలిచ్చినది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. కనుక మీ ముత్తాతగారిది ఆ రోజే అయితే, ఆయన చేయి పట్టుకున్నది దొరగారు కాదు, మన తెలుగు సేవకుడే! ఇంటి మాటలో కొంత మారింది. కానీ తెలిసిన సత్యం ఇంకా మేలైనది కాదా?

అందుకే ఒక నియమం పెట్టుకోండి. ఇద్దరు ముగ్గురు సాక్షుల మాట మీదనే సంగతి స్థిరపడాలని ధర్మశాస్త్రం చెబుతుంది. ఇంటి మాట ఒక సాక్షి, రిజిస్టరు ఒక సాక్షి, పత్రిక ఒక సాక్షి. మిషను పత్రికలు విదేశాలలో కానుకలిచ్చే వారి కోసం వ్రాసినవని కూడా గుర్తుంచుకోండి. వాటిలో దొరల పేర్లు నిండుగా ఉంటాయి. కాలినడకన తిరిగిన మన బోధకుడు చాలాచోట్ల పేరు లేకుండా "ఒక నేటివ్ ప్రీచర్" గానే మిగిలిపోయాడు.

మరి అన్నగారి భయం మాటేమిటి? వెదికితే కాలువ తవ్విన కూలీ కనబడవచ్చు, చెప్పులు కుట్టిన చేతులు కనబడవచ్చు. ఒంగోలు ప్రాంతపు మేల్కొలుపుకు ముందు నిలిచిన ఎర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ళ వ్యాపారం చేసుకున్న మాదిగ సహోదరుడు. చరిత్ర ఆ మాట దాచలేదు, ఆయన ఘనత తగ్గలేదు. మత్తయి మన ప్రభువు వంశావళి వ్రాస్తూ తామారును, రాహాబును, రూతును, ఊరియా భార్యను విడిచిపెట్టలేదు. ప్రభువు సిగ్గుపడని చోట మనకెందుకు సిగ్గు? సంబంధాల కోసం తాతను దాచే ఇంటిలో, ఆ తాతను రక్షించిన దేవుని కృపను కూడా దాచినట్లే.

కొందరికి ఏమీ దొరకకపోవచ్చు. రిజిస్టరును చెద తినివేసి ఉండవచ్చు. ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయం చూడండి. చెర నుండి తిరిగి వచ్చినవారిలో తమ పితరుల ఇల్లు ఏదో చూపించలేనివారు 652 మంది ఉన్నారు. వారికి ఋజువు లేదు. అయినా వారూ ప్రయాణమై వచ్చారు, వారినీ లెక్కించి వ్రాశారు. కాగితం లేనంత మాత్రాన మీ పితరులు దేవుని లెక్కలో లేకపోలేదు.

సంఘ కాపరులకు, పెద్దలకు ఒక మనవి. మీ బీరువాలోని పాత రిజిస్టర్లను ఈ నెలలోనే బయటికి తీసి, దులిపి, ప్రతి పేజీ ఫోటో తీయించండి. అవి ఒక తరానికి మిగిలిన సాక్ష్యం.

ఉత్తరం వ్రాసిన సహోదరుడా, వెదకండి. అన్నగారిని కూడా వెంట తీసుకువెళ్ళండి.

ప్రార్థించుకుందాం. పరలోకపు తండ్రీ, మా పితరులను ధూళిలో నుండి లేవనెత్తినందుకు స్తోత్రం. వారిని గూర్చి సిగ్గుపడని మనస్సు మాకు దయచేయుము. మా పేర్లు, మా పిల్లల పేర్లు నీ జీవగ్రంథములో ఉండునట్లు కృప చూపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము, ఆమేన్.