మోటారు సైకిలు – మగ్గపు గది

మన బరంపురం నేత వీధులలో మోటారు సైకిలుకు వేరే కొట్టు ఎక్కడిది? దొంగల భయమున కొందరు సభ్యులు రాత్రి దానిని మగ్గపు గదిలో నిలుపుచున్నారు. ఇది కూడదు. పెట్రోలు ఆవిరి గాలి కంటె బరువైనది. ఏ కొంచెము కారినను ఆవిరి నేలవెంట పాకి మగ్గపు గుంటలో నిలుచును. తెల్లవారి గుంటలో కాళ్ళు పెట్టి బీడీ వెలిగించినవాని గతి ఏమి? పట్టు పడుగు మాట తరువాత.

అరుగు గోడలో ఇనుప కడియమును సిమెంటుతో బిగింపుడు. గొలుసు చక్రమునకే గాక చట్రమునకు కూడ చుట్టి తాళము వేయుడు. చక్రమును ఊడదీయవచ్చును గదా. గోపాల్పూరు ఉప్పుగాలికి తాళము తుప్పు పట్టును, నూనె వేయుచుండవలెను. ఆ చేతితో పడుగు ముట్టరాదు. 2013 అక్టోబరు 12న వచ్చిన ఫైలిన్ వంటి తుపాను నాడు మాత్రము పొయ్యి, మగ్గము లేని పెరటి వసారాలోనికి బండిని చేర్చుడు.