కాళాన్ మంచిదే, కానీ మందు కాదు

వేలూరు, గుడియాత్తం చుట్టుపక్కల మనవాళ్లు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది: "పుట్టగొడుగుల్లో యాంటీ ఆక్సిడెంట్లు ఉంటాయంట, తింటే షుగర్ తగ్గుతుందా?" ఈసారి దాని గురించే చెప్పుకుందాం.

పట్టుపురుగుకు గాయమై నీరు కారితే కాసేపటికి ఆ చోటు నల్లబడడం మనం చూస్తూనే ఉంటాం. కోసిపెట్టిన బటన్ కాళాన్ కూడా అలాగే గోధుమరంగుకు తిరుగుతుంది. రెండుచోట్లా రాగి ఉన్న ఒకే తరహా ఎంజైము, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చేసే పని అది. మన ఒంట్లో దారి వేరు. తిన్న తిండి శక్తిగా మారేటప్పుడు ఆక్సిజన్ నుంచి కొన్ని చురుకైన అణువులు పుడతాయి. అవి మితిమీరితే కణాలకు దెబ్బ. వాటిని అదుపులో పెట్టేవే యాంటీ ఆక్సిడెంట్లు.

పుట్టగొడుగుల్లో ఇలాంటివి ముఖ్యంగా రెండు: గ్లూటాథయోన్, ఎర్గోథయోనిన్. రెండోదాన్ని 1909లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త చార్లెస్ టాన్రే, రై పంటకు పట్టే ఎర్గాట్ అనే బూజులో కనిపెట్టారు. మన ఒళ్లు దీన్ని తయారు చేసుకోలేదు, తిండి ద్వారానే రావాలి. దీన్ని కణాల్లోకి మోసుకెళ్లే ప్రత్యేక ప్రోటీన్ మన ఒంట్లో ఉందని 2005లో తేలింది. మామూలుగా బటన్ కంటే చిప్పి కాళాన్‌లో ఇది ఎక్కువ.

మరి జబ్బు నయమవుతుందా? అలా చెప్పలేం. గాజుగొట్టంలో బాగా పనిచేసిందల్లా ఒంట్లోనూ అంతే పనిచేస్తుందని లేదు. కూరగా తినండి, మంచి తిండే. షుగర్, బీపీ మాత్రలు మాత్రం దీన్ని నమ్ముకుని ఆపకండి.

వండేటప్పుడు: ఎర్గోథయోనిన్ వేడికి తొందరగా పాడవదు, కానీ నీళ్లలోకి దిగిపోతుంది. అందుకే ఉడికించిన నీళ్లు పారబోయకుండా కూరలోనే ఇగరనివ్వండి. పచ్చిగా తినకండి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట. వాన పడ్డాక మల్బరీ తోట గట్ల మీద, పాత మొద్దుల మీద మొలిచినవి తెలియకుండా కోసి తినకండి. కొన్ని విషపు రకాలు చూడ్డానికి మంచివాటిలాగే ఉంటాయి. ఉడికించినా ఆ విషం పోదు. వెండి నాణెం, వెల్లుల్లి వేసి చూసే పరీక్షలు నమ్మదగ్గవి కావు. తిన్న ఆరు గంటల తర్వాతో, మరింత ఆలస్యంగానో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. మధ్యలో తగ్గినట్టే అనిపించి, లోపల కాలేయం దెబ్బతింటుంది. అనుమానం వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి, మిగిలిన ముక్కను వెంట తీసుకెళ్లండి.

ఇంట్లో పెంచాలనుకుంటే మంచి వరిగడ్డి వాడండి. పురుగుల పడక చెత్తలో సున్నం, మందుల పొడి కలిసి ఉంటాయి, అది వద్దు. పురుగుల షెడ్డులోనూ పెంచొద్దు. కాళాన్‌కి కావలసిన చెమ్మే సున్నపుకట్టు రోగానికీ అనుకూలం. మన ఎండలకు పాల కాళాన్ బాగా తట్టుకుంటుంది. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం 1998లో ఇచ్చిన ఏపీకే-2 ఆ రకమే. వివరాలు విరింజిపురం కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి చూడండి.

మీ ఇంట్లో ఎలా వండుతారో రాసి పంపండి, అందరికీ పనికొస్తుంది.